రాముడు ఎక్కని ట్రక్కు

ఈ సీజను మొదట్లో నా చేతిలో ఉన్న సరంజామా ఇది: డిగ్లీపూర్ బజారులో ఒక సుపారీ కొట్టు, ఒక పికప్ ట్రక్కు, దాన్ని నడిపే నూకన్న, ఆస్పత్రి పక్కన ఖాళీగా పడి ఉన్న కొబ్బరి గోదాము, డాక్టర్ జాహ్నవితో కుదుర్చుకున్న ఒక మాట.

వక్కను మా అండమాన్ దీవుల్లో అందరూ సుపారీ అనే అంటారు. దాన్ని కోసేవాళ్లు ఒక చెట్టు దిగి ఇంకో చెట్టు ఎక్కరు. చెట్టు తల మీదే ఊగి పక్క చెట్టు అందుకుంటారు. పని త్వరగా అవుతుంది. పడేవాడూ అంతే త్వరగా పడతాడు. కిందటేడు కొందరు పడ్డారు, వాళ్లను చూసి భయపడి మరికొందరు మానేశారు. ఎక్కేవాళ్లు లేక సగం తోటల్లో కాయ చెట్టు మీదే ముదిరి రాలిపోయింది. అందుకే, దెబ్బలు తగిలినవాళ్ల కోసం విడిగా ఒక గది కావాలని జాహ్నవి అడిగినప్పుడు గోదాము తాళం తీసి ఇచ్చాను. దయకొద్దీ ఇచ్చానని బజారులో అన్నారు. నేను దిద్దలేదు. ఊరికే వచ్చే మంచిపేరును ఏ వ్యాపారీ వెనక్కి పంపడు.

జాహ్నవి పోర్ట్‌బ్లెయిర్ షాదీపూర్ పిల్ల. తండ్రి ఆంధ్రా నుంచి వచ్చి ఇక్కడే స్థిరపడ్డ స్కూలు మాస్టారు. ఆ గదిలో మంచాలు వేయించింది, ఆక్సిజన్ పెట్టించింది, నర్సులకు నేర్పింది. బదులుగా ఆమె నా దగ్గర తీసుకున్న మాట ఏమిటంటే, ఎవరికి ఎంత దెబ్బ తగిలినా ముందు ఆ గదికే తేవాలి, ఆమె చూసి సరే అన్నాకే పోర్ట్‌బ్లెయిర్ పెద్దాస్పత్రికి బండి కదలాలి. బజారు డ్రైవర్లందరినీ కూర్చోబెట్టి నేనే ఒప్పించాను.

గణేశ్వరరావు తోటలో, సుపారీ కోసే రాముడు చెట్టు మీంచి పడ్డాడన్న కబురు నా కొట్టుకు చేరిన దగ్గర కిందటి వారం ఆగాం. ఇప్పుడు ఆస్పత్రికి పోదాం.

నేను వెళ్లేసరికి ఆస్పత్రి ముందు వీధంతా ఉంది. నా ట్రక్కు వాకిట్లోనే ఉంది, ఇంజను ఆపలేదు. వెనక భాగంలో అప్పటికే ఒక పరుపు పరిచారు. ఎవరింటి నుంచి తెచ్చారో, పూల దుప్పటి కూడా వేశారు. రాముడికి పిల్లనిచ్చిన మామ రమణయ్య టెయిల్‌బోర్డు దించి పట్టుకుని నిలబడ్డాడు. సముద్రం మీద చేపల బోట్లలో ముప్పై నలభై మందిని అదిలించిన మనిషి. ఆయన నిలబడితే తక్కినవాళ్లు తమంతట తామే వరసలో నిలబడతారు.

గదిలో రాముడు మంచం మీద వెల్లకిలా ఉన్నాడు. వంటి మీద చుక్క రక్తం లేదు. నన్ను చూసి నవ్వబోయాడు.

"ధనరాజు భయ్యా, ఇన్నేళ్లు సెట్లెక్కినాను గానీ, ఇంత బేగి ఎప్పుడూ దిగలేదు."

"మాట్లాడకు," అంది అతని భార్య గవరమ్మ. ఆమె అతని చెప్పులు రెండూ చేతిలో పట్టుకుని ఉంది. ఎందుకు పట్టుకుందో ఆమెకే తెలిసినట్టు లేదు.

జాహ్నవి, ఒక నర్సు కలిసి దుప్పటిని పట్టీలా మడిచి అతని తుంటి కిందనుంచి తీసి, ముందుకు లాగి బిగించి ముడి వేస్తున్నారు. ముడి పడ్డాక జాహ్నవి బయటికి వచ్చింది. వరండా మెట్టు మీదే నిలబడింది. కిందికి దిగలేదు.

"తుంటి ఎముకలు విరిగాయి. లోపల రక్తం కారుతోంది. ఇప్పుడు కదపడానికి లేదు. ఇక్కడే ఉంచి రక్తం ఆపాలి. రేపు పొద్దున హెలికాప్టర్ అడిగాను."

"రకతం ఎక్కడుందమ్మా?" అన్నాడు రమణయ్య. "నాను చూసినాను గదా, చుక్క లేదు. మాటాడతన్నాడు, నవ్వుతన్నాడు. పోర్ట్‌బ్లెయిర్ రెఫర్ చేసెయ్. బస్. మిగతాది మేం చూసుకుంటాం."

"రోడ్డు మీద తీసుకెళ్తే బతకడండీ."

"ఇక్కడుంటే బతుకుతాడా? రాసిత్తావా?"

"రాసివ్వలేను. ఇక్కడైతే నా చేతిలో ఏదో ఒకటి ఉంటుంది. దారిలో ఏమీ ఉండదు."

నిజాయితీ మంచిదే. కానీ సరుకుకు పూచీ ఇవ్వని కొట్టులో ఎవరూ కొనరు. గుంపులో గొణుగుడు మొదలైంది. హెలికాప్టర్ వస్తే మబ్బు రాదా అన్నారొకరు. పిల్ల డాక్టరమ్మ, ఏం తెలుసు అంది ఇంకొకావిడ. రమణయ్య చెయ్యెత్తి అందరినీ ఆపాడు.

"మా అన్న కొడుక్కి బోటు ఫ్యాను తగిలినప్పుడు ఇదే రోడ్డు మీద తీసుకుపోనాం. రంగత్ కాడ పోనాడు. అయినా ఈ ఊళ్లో ఒక్కడు మమ్మల్ని మాట అన్లేదు. 'మీ సేతనైంది సేసినారు' అన్నారు. ఇవాళ ఈణ్ని ఇక్కడ మంచమ్మీద పడీసి ఊరుకుంటే రేపు నా మొకాన ఏటంటారు? అల్లుణ్ని పోర్ట్‌బ్లెయిర్ కూడా తీసుకుపోనేదు అనరా?"

మా దగ్గర ఇది పద్ధతి. దెబ్బ తగిలినవాణ్ని బండిలో వేసి దక్షిణంగా కదిలించామా లేదా అన్నదే లెక్క. మాయాబందర్ దాటాడా, రంగత్ దాటాడా అని చావు ఇంట్లో అడుగుతారు. ఎంత దూరం తీసుకెళ్తే అంత ప్రేమ. దారిలో పోతే విధి. ఊళ్లో పోతే నిర్లక్ష్యం. తాతల కాలంలో ఇక్కడ మందూ లేదు, డాక్టరూ లేడు. అప్పుడు ఆ పద్ధతికి అర్థం ఉండేది. ఇప్పుడు డాక్టరు వచ్చింది, పద్ధతి మాత్రం బండి దిగలేదు.

"దారిలో గుంటలొస్తే ఏటవుతాది మేడమ్?" గవరమ్మ గుమ్మంలోంచి అడిగింది.

"లోపల రక్తం గడ్డకట్టి ఆగడానికి చూస్తోంది. బండి కుదిపిన ప్రతిసారీ అది కదిలి మళ్లీ కారుతుంది. పైగా ఇప్పుడు బయల్దేరితే సాయంత్రం అడవి గేటు అందదు. రాత్రంతా బారాటాంగ్‌లో ట్రక్కులోనే పడుకోబెట్టాలి."

అందరికీ తెలిసిన సంగతే. బారాటాంగ్ దాటాక అడవి దారిలో బండ్లను కాన్వాయ్‌గానే వదులుతారు. ఆఖరి కాన్వాయ్ పోయాక గేటు మూస్తే మళ్లీ తెల్లవారాకే. తెలిసినా ఎవరూ పరుపు దించలేదు.

రమణయ్య నా వైపు తిరిగాడు. "ధనరాజూ, నువ్వు చెప్పు. నూకన్న నీ మాట లేందే గేరు ఎయ్యనంటన్నాడు. ట్రక్కు నీదే గదా. డీజిల్ కాలిపోతాదని చూత్తన్నావా?"

ఎవరో నవ్వారు. నూకన్న స్టీరింగు మీద చేతులు పెట్టుకుని నన్నే చూస్తున్నాడు.

నేను లెక్క వేసుకున్నాను. పొమ్మంటే రాముడు దారిలో పోతాడు, నన్ను ఎవరూ ఏమీ అనరు. పైగా ట్రక్కు ఇచ్చాడని చెప్పుకుంటారు. వద్దంటే, రాముడు ఇక్కడ పోతే నేను చంపినట్టే. మరుసటి సీజనుకు నా కోసం చెట్టెక్కేవాడు ఉండడు. నష్టం లేని దారి ఒకటే, పొమ్మనడం. కానీ పొమ్మంటే జాహ్నవికి ఇచ్చిన మాట మొదటి గిరాకీకే చెడుతుంది. చెడిన మాటను ఎవరూ రెండోసారి కొనరు.

ఇన్నేళ్ల బేరాల్లో నేను నేర్చుకున్నది ఒక్కటే. మనిషి అడిగేది వేరు, అతనికి కావలసింది వేరు. రమణయ్య ట్రక్కు అడుగుతున్నాడు. ఆయనకు కావలసింది చేతులు కట్టుకుని నిలబడ్డాడని అనిపించుకోకపోవడం.

"మేడమ్," అన్నాను, అందరికీ వినబడేలా. "పోర్ట్‌బ్లెయిర్‌లో ఆపరేషన్ అంటే రక్తం కావాలా?"

"కావాలి. చాలా కావాలి."

"ఇచ్చేవాళ్లు హెలికాప్టర్ దిగేసరికే అక్కడ ఉంటే?"

ఆమె నన్ను పరీక్షగా చూసింది. "ఉంటే చాలా మేలు. వెతుక్కునే పని తప్పుతుంది. పేషెంటు తరఫున మాట్లాడేవాళ్లు కూడా ఉండాలి."

"విన్నావా బాబాయ్?" రమణయ్య దగ్గరికి వెళ్లి గొంతు తగ్గించాను. తగ్గిస్తేనే చుట్టూ ఉన్నవాళ్లు చెవులు రిక్కిస్తారు. "హెలికాప్టర్‌లో రాముడితో ఒక్క మనిషికే చోటు. గవరమ్మ ఎక్కుతుంది. ఆడపిల్ల, అక్కడ దిగి ఎవరితో మాట్లాడుతుంది? నువ్వు ఇప్పుడే గట్టివాళ్లను నలుగురిని తీసుకుని బయల్దేరు. రాత్రికి బారాటాంగ్‌లో ఆగు. పొద్దున మొదటి గేటులో దాటితే అల్లుడు దిగేసరికి ఆస్పత్రి గుమ్మంలో నువ్వే ఉంటావు."

"అంటే మేం ముందా?"

"పెద్దవాళ్లు ముందు వెళ్లడం మన దగ్గర కొత్తా?"

ఆయన టెయిల్‌బోర్డు ఒకసారి చూశాడు, గుమ్మంలో ఉన్న కూతుర్ని ఒకసారి చూశాడు. గవరమ్మ చెప్పులు కింద పెట్టి, లోపలికి వెళ్లి రాముడి మంచం పక్కన కూర్చుంది. అది ఆమె జవాబు.

"చలో," అన్నాడు రమణయ్య. "ఎక్కండ్రా. రకతం ఇయ్యడానికి భయపడీవోడు ఎక్కొద్దు."

తర్వాత అంతా పద్ధతి ప్రకారమే జరిగింది. ఆడవాళ్లు అన్నం పొట్లాలు అందించారు. ఎవరో కర్పూరం వెలిగించారు. రమణయ్య ముందు సీట్లో కూర్చున్నాడు, మనుషులు వెనక ఎక్కారు. నూకన్న హారన్ కొట్టుకుంటూ బజారు దాటించాడు. వీధి వీధంతా ట్రక్కు వెంట కొంత దూరం నడిచింది. పరుపు మాత్రం ఎవరూ దించలేదు. పూల దుప్పటితో అది కూడా పోర్ట్‌బ్లెయిర్ వెళ్లింది.

వాకిలి ఖాళీ అయింది. జాహ్నవి పని చేసుకోవడానికి ఆ నిశ్శబ్దం కూడా ఒక మందే అయింది.

అయితే సరుకు ఇంకా ఒడ్డుకు చేరలేదు. ట్రక్కు వెళ్లిన కొంతసేపటికి రాముడు జోకులు మానేశాడు. ముఖం సుద్దలా పాలిపోయింది, నుదురు చల్లబడింది. నీళ్లు, నీళ్లు అని అడుగుతూ మధ్యలో మాట మరిచిపోయాడు. జాహ్నవి దుప్పటి ముడి మళ్లీ బిగించింది. ఆస్పత్రి ఫ్రిజ్‌లో ఉన్న రక్తం ఎక్కించింది. అది చాలదని నర్సును పంపి, ఆ గ్రూపు రక్తం ఉన్న ఒక కాన్స్టేబుల్‌ను స్టేషన్ నుంచి పిలిపించింది. గవరమ్మ సెలైన్ గొట్టం వైపు రెప్పవాల్చకుండా చూస్తూ కూర్చుంది. నేను బయట బెంచీ మీద కూర్చుని, ఈ మనిషి పోతే వీధికి ఏం చెప్పాలో వాక్యాలు కూర్చుకున్నాను. ఏదీ కుదరలేదు.

పొద్దు వాలుతుండగా గవరమ్మ బయటికి వచ్చింది.

"అన్నయ్యా, టీ కావాలంటన్నాడు."

"ఇవ్వచ్చా?"

"మేడమ్ ఇయ్యొద్దంది. 'మరెందుకు బతికించినారు' అని దెబ్బలాడతన్నాడు."

ఆమె నవ్వబోయి ఏడ్చింది. నేను అటు తిరిగి కూర్చున్నాను.

మర్నాడు మబ్బు కొంత ఏడిపించినా చివరికి హెలికాప్టర్ దిగింది. ముడి కదలకుండా, పలక మీద పడుకోబెట్టి రాముణ్ని ఎక్కించారు. గవరమ్మ పక్కన కూర్చుంది. నేను కొట్టు తెరిచి కాయ గ్రేడు చేయిస్తుండగా రమణయ్య ఫోను వచ్చింది.

"దిగినాడు ధనరాజూ! గుమ్మంలో మేమే ఉన్నాం. రకతం మేమే ఇచ్చినాం. డాక్టరు సాబ్ నా భుజం తట్టి, టైముకొచ్చినారు అన్నాడు!"

ఆపరేషన్ అయింది. మనిషి దక్కాడు. అంతవరకు ఖాతా శుభ్రంగా ఉంది.

తప్పు ఎక్కడ పడిందో తర్వాత తెలిసింది. రమణయ్య తిరిగి వచ్చాక కథ బజారులో వేరే రూపం తీసుకుంది. ఆయన అబద్ధం ఆడలేదు. తాను చూసినదే చెప్పాడు. ఆయన చూసింది ట్రక్కు, గేటు, ఆస్పత్రి గుమ్మం. గదిలో జరిగింది ఆయన చూడలేదు. చేపల మార్కెట్ దాకా వెళ్లేసరికి ఆ మాట ఇలా తయారైంది: రమణయ్య ట్రక్కు ఆలస్యం చేయకుండా బయల్దేరింది కాబట్టే రాముడు బతికాడు. ఇంకో నెలకు ట్రక్కులో రాముడు కూడా ఉన్నాడని చెప్పేవాళ్లు తయారయ్యారు. ఆ పరుపు చూశామని సాక్ష్యం కూడా చెప్పారు.

గణేశ్వరరావు తెలివైనవాడు. రాముడు పడ్డది అతని తోటలోనే. నడుముకు తాడు కట్టించలేదని నలుగురూ అనకముందే అతను ఒక జీపు కొన్నాడు. దాని తలుపుల మీద పెద్ద ఎర్ర అక్షరాలు రాయించాడు. దెబ్బ తగిలినవాళ్లను ఎక్కడా ఆపకుండా నేరుగా పోర్ట్‌బ్లెయిర్‌కు, అదీ ఉచితంగా. పంచాయతీ ఎన్నికలు వస్తున్నాయని వేరే చెప్పనక్కర్లేదు. బజారు డ్రైవర్లలో ఇద్దరు నా దగ్గరికి వచ్చి, జనం తిడుతున్నారు భయ్యా, ఆ మాట నుంచి మమ్మల్ని వదిలేయండి అన్నారు.

ఆ సాయంత్రం జాహ్నవి కొట్టుకు వచ్చింది. నిలబడే మాట్లాడింది.

"ఆ రోజు మీరు ట్రక్కు పంపకుండా ఉండాల్సింది."

"పంపకపోతే రాముణ్ని మీ చేతిలోంచి ఎత్తుకుపోయేవాళ్లు మేడమ్."

"తెలుసు. కానీ పంపడం వల్ల ఇప్పుడు ఇంకొకర్ని ఎత్తుకుపోతారు. అది కూడా మీ లెక్కలో వేసుకోండి."

బేరంలో అవతలివాళ్లు చెప్పింది సరైనప్పుడు మాట్లాడకపోవడమే లాభం.

జీపు ప్రారంభం ఆదివారం పెట్టారు. బస్టాండు దగ్గర షామియానా వేశారు. వేదిక మీద గణేశ్వరరావు, పక్క కుర్చీలో శాలువాతో రమణయ్య. కొబ్బరికాయ కొట్టడానికి ముఖ్య అతిథి గవరమ్మ. పోర్ట్‌బ్లెయిర్‌లో రాముడి దగ్గర అతని తమ్ముణ్ని ఉంచి, పిల్లల్ని చూసుకోవడానికి ఆమె ఆ వారమే ఊరికి వచ్చింది. ముందురోజు ఆమె నా కొట్టుకు వచ్చినప్పుడు, ఏం మాట్లాడాలి అన్నయ్యా అని అడుగుతుందనుకున్నాను. అడగలేదు. పిల్లలకు బిస్కెట్లు కొనుక్కుని వెళ్లిపోయింది.

గణేశ్వరరావు మైకులో చాలాసేపు మాట్లాడాడు. రాముడి ప్రాణం కాపాడిన ఆ ప్రయాణమే ఈ జీపుకు ప్రేరణ అన్నాడు. జనం చప్పట్లు కొట్టారు. శాలువా కప్పినప్పుడు రమణయ్య కళ్లు తుడుచుకున్నాడు. అందులో నటన లేదు.

గవరమ్మ కొబ్బరికాయ అందుకుని జీపు దగ్గరికి వెళ్లింది. కొట్టలేదు. వెనక తలుపు తీసి లోపలికి చూసింది. డ్రైవరును పిలిచింది.

"భయ్యా, ఓపాలి ఇందులో పడుకో."

"క్యోం దీదీ?"

"పడుకో. నీ తుంటి ఇరిగిందనుకో."

కుర్రాళ్లు ఈలలు వేశారు. డ్రైవరు నవ్వుతూ ఎక్కి వెనక సీటు మీద పడుకున్నాడు. కాళ్లు ముడుచుకుంటే గానీ పట్టలేదు. మోకాళ్లు గడ్డానికి తగిలాయి. నవ్వు ముందు వరసలో ఆగి, తర్వాత వెనక వరసల్లో కూడా ఆగిపోయింది.

"మేడమ్ మా ఆయన కాళ్లు రాత్రంతా కదపనియ్యనేదు," అంది గవరమ్మ. మైకు ఆమె చేతిలో లేదు, అయినా వినబడింది. గణేశ్వరరావు గాబరాగా ఆమె దగ్గరికి వచ్చి, కొట్టమ్మా, ముహూర్తం దాటిపోతోంది అన్నాడు. ఆమె కాయ అతని చేతిలో పెట్టి, అతని చేతిలోని మైకు తీసుకుంది. తీసుకున్న తీరు చూస్తే, ఇచ్చిందీ పుచ్చుకున్నదీ సరిసమానమైన బేరంలా ఉంది.

"మా ఆయన ట్రక్కు ఎక్కనేదు," అంది. "మా నాయన ఎక్కినాడు. మా నాయన బారాటాంగ్‌లో ఉన్నప్పుడు మా ఆయన ఎక్కడున్నాడో, ఆయనకి ఏటయిందో ఈ ఊళ్లో నాకూ మేడమ్‌కే తెలుసు. సెప్పమంటారా?"

వేదిక మీద రమణయ్య కుర్చీ వెనక్కి జరిగింది. ఆయన లేచి నిలబడ్డాడు. శాలువా ఒక భుజం మీంచి జారింది, సర్దుకోలేదు. సముద్రం మీద మనుషుల్ని అదిలించే ఆ గొంతు ఇప్పుడు కూతురి మీదికి వస్తుందో, కూతురి పక్కకు వస్తుందో షామియానాలో ఎవరికీ తెలియలేదు.

ఆ క్షణానికి నా ఖాతాలో లాభం ఇది: ప్రాణంతో ఒక మనిషి, అది ఎలా దక్కిందో కళ్లారా చూసిన ఒక సాక్షి, ఆమె చేతిలో ఒక మైకు. నష్టం వైపు ఏం రాయాలో రమణయ్య బాబాయ్ నోరు తెరిస్తే గానీ తేలదు.